చందుర్తికి ముందు కుదిరిన బేరం

ఐనవిల్లి వినాయకుణ్ణి దర్శించుకుని ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కితే, గౌతమి దాటి కోటిపల్లిలో దిగుతాం. మోటారు సైకిళ్లూ కొబ్బరికాయల బస్తాలూ మనుషులూ అన్నీ ఆ చెక్కల మీదే. ఏరు దాటడమంటే మనకు అంతే. 1758 చివర్లో ఎగువన రాజమండ్రి దగ్గర ఒక సైన్యం ఇదే గోదావరిని దాటి, ఇస్తామన్న సొమ్ము అందక మళ్లీ ఇవతలికి వచ్చేసింది.

అప్పుడు ఇంగ్లండు, ఫ్రాన్సు యూరప్‌లో కొట్టుకుంటున్నాయి. 1753లోనే హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఈ తీరంలోని ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్లకు ఇచ్చేశాడు. రాజమండ్రి సర్కారుతో పాటే మన కోనసీమ లంకలూ వాళ్ల కిందికి పోయాయి. బొబ్బిలి యుద్ధం తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతికి వాళ్లతో పొసగలేదు. ఫ్రెంచి సేనాధిపతి లాలీ పిలుపు మీద ఇక్కడి సేనాని బుస్సీ దక్షిణాదికి వెళ్లగానే, రాజు విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్లకు కబురంపాడు.

మద్రాసులోని ఇంగ్లీషువాళ్లు మావల్ల కాదన్నారు. వాళ్ల కోట మీదికే ముప్పు వస్తోంది మరి. కలకత్తాలో కంపెనీ గవర్నరు క్లైవు మాత్రం కౌన్సిలు వద్దంటున్నా సరేనన్నాడు. దండును నేరుగా మద్రాసుకు పంపితే తిరిగి రాదన్నది అతని భయం. సర్కార్లకు పంపితే ఫ్రెంచి బలగం ఇక్కడే ఇరుక్కుంటుంది, మద్రాసుకూ కాస్త ఊపిరాడుతుంది. కల్నల్ ఫోర్డు వెంట 500 మంది తెల్ల సైనికులు, 2,000 మంది సిపాయిలు అక్టోబరులో విశాఖలో దిగారు.

నన్ను ఆకట్టుకునేది యుద్ధం కాదు, దానికి ముందు రాసుకున్న ఒప్పందం. సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు, అధికారుల భత్యానికి మరో 6,000 ఇవ్వాలి. అదీ రాజమండ్రి చేతికొచ్చాకే. గెలిచిన దాంట్లో లోపలి సీమ రాజుది, సముద్రపు రేవులూ ఏటి మొగలూ ఇంగ్లీషు కంపెనీవి. ఒక్క గుండూ పేలకముందే కోనసీమ అంచును పంచేసుకున్నారన్నమాట. ఇక్కడి రైతును అడిగిందెవరు?

డిసెంబరులో పిఠాపురం దాపున చందుర్తి దగ్గర రెండు దండులూ ఎదురుపడ్డాయి. ఫోర్డు తెల్ల పటాలం నిలువెత్తు చేను చాటున ఆగింది. ఎర్ర చొక్కాల సిపాయిలనే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదికి దూకారు. చేనులోంచి తుపాకులు పేలేసరికి ఆట తిరగబడింది. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ రాజమండ్రికి పరుగు తీశాడు.

రాజమండ్రి చిక్కింది గానీ సొమ్ము రాలేదు. ఫోర్డు కోపానికి జడిసి రాజు కొండల్లోకి జారుకున్నాడు. గోదావరి దాటి వెనక్కి వచ్చిన ఆ సైన్యం జనవరి నెలాఖరు దాకా ముందుకు కదల్లేదు. కొత్త ఒడంబడిక కుదిరాకే దక్షిణానికి నడిచింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది.

ఒప్పందంలో రాజుకు రాసిన ఆ లోపలి సీమ కూడా 1766లో నిజాం సంతకంతో కంపెనీ పాలైంది.