స్టార్టవని బండి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం షెడ్లలో ఒక విద్య

మోటారు సైకిలు స్టార్టవ్వాలంటే పెట్రోలు, గాలి, కంప్రెషన్ ఉంటే చాలదు. సరైన క్షణంలో ప్లగ్గు కొసన నిప్పురవ్వ పుట్టాలి. పెట్రోలు లోపం కంటికో ముక్కుకో తెలుస్తుంది. కరెంటు లోపం అలా తెలియదు, వెతికి పట్టుకోవాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మెకానిక్ షెడ్లలో బండి మారినప్పుడల్లా ఆ వెతికే పద్ధతీ మారింది.

బెల్లం, చింతపండు మార్కెట్‌కు హిందూపురం, పట్టుచీరలకు ధర్మవరం పేరుపడ్డాయి. పెనుకొండ హైదరాబాద్–బెంగళూరు రహదారి మీది ఊరు. దక్షిణాది బండ్ల కర్మాగారాలు ఇక్కడికి మరీ దూరం కాదు. మద్రాసులో 1955లో బుల్లెట్, మైసూరులో 1961లో జావా, హోసూరులో 1980లో టీవీఎస్ 50 తయారీ మొదలైంది. 1973 నుంచి మైసూరు బండి యెజ్డీ అయింది.

జావాలో, కాయిల్ ఇగ్నిషన్ ఉన్న బుల్లెట్‌లో రవ్వకు మూలం బ్యాటరీ. అక్కడి నుంచి కరెంటు తాళం మీదుగా కాయిల్‌కూ, పాయింట్లకూ చేరుతుంది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్ వేల వోల్టులు పుట్టిస్తుంది. లోపం ఎక్కడుందో వెతకడం మాత్రం చివరి నుంచి మొదలయ్యేది. ప్లగ్గు విప్పి, క్యాపులో పెట్టి, సిలిండరు రెక్కలకు ఆనించి కిక్ కొడితే రవ్వ నీలంగా, చిటచిటమంటూ దూకాలి. పసుప్పచ్చగా, సన్నగా వస్తే పాయింట్ల మూత తీయాల్సిందే. పాయింట్లు మాడి గుంటలు పడి ఉంటే అనుమానం కండెన్సర్ మీదికి పోతుంది. మసి మాత్రమే ఉంటే ఎమెరీ పేపరుతో రుద్ది, ఎడం సుమారు 0.4 మి.మీ.కు సరిచేస్తారు. ప్లగ్గు ఎడానికి చాలాచోట్ల హాక్సా బ్లేడే కొలత.

బుల్లెట్ హెడ్‌లైటు మీది ఆమ్మీటరు ఈ పనిలో మంచి తోడు. తాళం తిప్పి కిక్ మెల్లగా నొక్కితే, పాయింట్లు కలిసినప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వాలి, విడిపోగానే మధ్యకు రావాలి. ముల్లు కదలకుంటే కరెంటు పాయింట్ల గుండా పోవడం లేదు. వాలినది వాలినట్టే ఉంటే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఒక్క పనిముట్టూ ముట్టకుండా ఇంత చెప్పే పరీక్ష తర్వాతి బండ్లలో మళ్లీ రాలేదు.

వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయిన ఈ సీమలో బ్యాటరీ నీళ్లు త్వరగా ఇగిరిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిస్తే పలకలు బయటపడి పాడవుతాయి. బ్యాటరీతో పనిలేకుండా మాగ్నెట్ కరెంటుతోనే రవ్వ పుట్టించే మోపెడ్లకు ఆ బాధ లేదు. మాగ్నెట్ కాయిల్ కాలితే బోరు మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ పనివాళ్ల చేతిలో అది కూడా బాగయ్యే వస్తువే.

1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 పాయింట్లను తీసేసి, సీడీఐ అనే మూసిన డబ్బాను తెచ్చాయి. అందులో రుద్దడానికీ సరిచేయడానికీ ఏమీ లేదు. బాగున్న డబ్బా ఒకటి తగిలించి చూడటమే తేలికైన పరీక్ష అయింది. పాత అలవాట్లలో ఒకటి మానుకోవాల్సి వచ్చింది కూడా: ప్లగ్గు వైరును గాల్లో వదిలి కిక్ కొడితే సీడీఐ చెడిపోవచ్చు.

2000 తర్వాత సెల్ఫ్ స్టార్ట్ సాధారణమయ్యాక లోపం మళ్లీ బ్యాటరీ వైపు మళ్లింది. ఇక్కడ మెకానిక్‌కు దారి చూపేది చెవి. బటన్ నొక్కగానే టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్, లేదా టెర్మినల్‌కు తుప్పు. ఒక్క టక్‌తో ఆగితే రిలే లోపలి కాంటాక్టులో, మోటారు కార్బన్ బ్రష్షులో చూడాలి. అసలు చప్పుడే లేకుంటే ఫ్యూజు, క్లచ్ స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి, ఎర్త్ వైరు వరుసగా పరీక్షకు వస్తాయి. రిలే రెండు బోల్టులకు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టినప్పుడు మోటారు గట్టిగా తిరిగితే, బ్యాటరీ, మోటారు బాగున్నట్టే. తప్పు రిలేదో స్విచ్చులదో. న్యూట్రల్‌లో ఉంచకుండా ఈ పని చేస్తే బండి ముందుకు దూకుతుంది. మీటరుంటే ఊహకు పనిలేదు: నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ కొడుతుండగా 10 కంటే బాగా కిందికి పడకూడదు.

2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 కాలుష్య నిబంధన వచ్చి, కార్బురేటర్ స్థానంలో ఇంజెక్షన్ చేరింది. చాలా బండ్లకు కిక్ రాడ్డే లేకుండా పోయింది. పెట్రోలు పంపు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) రెండూ బ్యాటరీ మీద ఆధారపడతాయి కనుక, అది బాగా పడిపోతే తోసినా బండి స్టార్టవ్వకపోవచ్చు. తాళం తిప్పగానే ట్యాంకు దగ్గర రెండు మూడు సెకన్లు వినపడే పంపు రొద ఇప్పుడు మొదటి పరీక్ష. మీటరు బోర్డు మీది ఇంజిన్ లైటు, స్కానర్ చూపే కోడు తర్వాతి మాట. వోల్టేజి తక్కువగా ఉంటే సెన్సర్లు బాగున్నా ఆ కోడ్లు తప్పుగా రావచ్చు. అందువల్ల ముందు బ్యాటరీ, ఫ్యూజు, ఎర్త్ చూసుకుని, ఆ తర్వాతే స్కానర్ తగిలిస్తారు.