చిల్లుల కాగితం నుంచి పేరు కోసిన ముక్క దాకా

వేడుకల్లో చల్లే రంగు కాగితం ముక్కలకు, అంటే కన్ఫెట్టీకి, పుట్టిల్లు ఇటలీలోని మిలాన్ ప్రాంతం. 1875లో ఎన్రికో మంజీలి అనే వ్యాపారి వీటిని అక్కడి కార్నివాల్ కోసం అమ్మకానికి పెట్టాడని చెబుతారు. అందుకోసం ఆయన కొత్తగా తయారు చేయించిందేమీ లేదు. ఉత్తర ఇటలీ అప్పట్లో పట్టుకు పేరుపడ్డ నేల. పట్టుపురుగుల తట్టల్లో చిల్లులు కొట్టిన కాగితం పరిచేవారు. దాని మీద తాజా మల్బరీ ఆకు వేస్తే పురుగులు చిల్లుల్లోంచి పైకి పాకి వస్తాయి. పెంట, ఎండిన ఆకు కిందే ఉండిపోతాయి. పురుగును చేత్తో ముట్టకుండానే తట్ట శుభ్రమవుతుంది. పట్టుపురుగుల్ని పెంచే మన రైతులు ఇదే పనికి వల వాడతారు. ఆ చిల్లులు కొట్టేటప్పుడు రాలిన బిళ్లలే మంజీలి సరుకు. కన్ఫెట్టీ గుండ్రంగా ఉండటానికి మొదటి కారణం అందం కాదు, పురుగు దూరే చిల్లు గుండ్రంగా ఉండటమే. ఇప్పుడు ఇంట్లో బల్ల మీద పట్టే కటింగ్ మెషిన్‌తో హృదయాలు, అంకెలు, పేర్లు కోసి వాటినీ కన్ఫెట్టీ అనే పిలుస్తున్నారు. చరిత్ర చూస్తే ఇది పాత ఆచారానికి కొనసాగింపు కాదు. పేరు మాత్రమే పాతది, ఆచారం కొత్తది.

కాగితం రాకముందు కార్నివాల్‌లో విసిరినవి తినే వస్తువులు: చక్కెర పాకం పట్టిన బాదం, ధనియాల గింజలు. అవి ఖరీదు. జాతర అన్నాక గుప్పెడుతో సరిపోదు, బుట్టలు కావాలి. అందుకే సుద్ద, జిప్సం ఉండలు వచ్చాయి. 1788లో రోమ్ కార్నివాల్ చూసిన జర్మన్ కవి గోథే, అసలు మిఠాయి కొనే స్తోమత లేక జనం ఈ చవక ఉండలు వాడేవారని వివరంగా రాశాడు. వాటి దెబ్బ చిన్నది కాదు. 1840ల్లో అదే నగరంలో అదే వేడుక చూసిన చార్లెస్ డికెన్స్, ముఖానికి తీగ జల్లెడ లాంటి ముసుగులు కట్టుకున్న మనుషుల్ని వర్ణించాడు. చక్కెర నుంచి సుద్దకు, సుద్ద నుంచి కాగితానికి జరిగిన ఈ మార్పుల్లో ప్రతిసారీ గెలిచింది ఒకే గుణం. చెయ్యి వెనకాడకుండా, లెక్క చూసుకోకుండా విసరగలగాలి. కాగితం బిళ్ల తగిలినా నొప్పి ఉండదు, పోయినా బాధ ఉండదు.

ఆ తర్వాతి చరిత్ర కూడా మిగులు కాగితానిదే. 1886 అక్టోబర్ 28న న్యూయార్క్‌లో స్వేచ్ఛా ప్రతిమ ఆవిష్కరణ జరిగినప్పుడు, ఆఫీసుల్లో షేర్ల ధరలు అచ్చయ్యే సన్నటి టేపును గుమస్తాలు కిటికీల్లోంచి వదిలారు. టిక్కర్ టేప్ ఊరేగింపులకు అది నాంది. ఆ టేపు యంత్రాలు మూలపడ్డాక ముక్కలు చేసిన ఆఫీసు కాగితాలు వాటి చోటు తీసుకున్నాయి. ఈ అలవాటు ఎంత దూరం వెళ్లిందో 2012లో బయటపడింది. న్యూయార్క్‌లోనే జరిగిన మేసీస్ థాంక్స్‌గివింగ్ ఊరేగింపులో జనం మీద పడ్డ కాగితపు పీలికల్లో నాసౌ కౌంటీ పోలీసుల రహస్య పత్రాలు కనిపించాయి. అడ్డంగా కోయడం వల్ల వాటి మీది వాక్యాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు చదవడానికి వీలుగానే ఉన్నాయి. మన సినిమా హాళ్లనే చూడండి. మొదటి ఆటలో హీరో తెర మీదకి రాగానే గాల్లోకి లేచే కాగితాల్లో పాత దినపత్రిక ఉంటుంది, నోటుపుస్తకం ఉంటుంది, చింపిన పోస్టరు ఉంటుంది. ఆ అభిమానికి మిలాన్ కార్నివాల్ సంగతి తెలియనక్కర్లేదు. విసరాలన్న ఉత్సాహానికి చేతికందే మొదటి వస్తువు పనికిరాని కాగితమే.

ఇంటి కటింగ్ మెషిన్ ఈ లెక్కను తిరగేసింది. మిలాన్‌లో చిల్లుల షీటు సరుకు, బిళ్ల మిగులు. ఇక్కడ ముక్కే సరుకు, చిల్లులు పడ్డ షీటు చెత్తబుట్టలోకి పోతుంది. క్రికట్, సిల్వెట్ లాంటి యంత్రాల్లో సన్నటి కత్తి మొన ప్రతి ఆకారం అంచు వెంటా విడిగా తిరగాలి. కాగితం కదలకుండా జిగురు మ్యాట్ మీద అంటించాలి. కోశాక బుల్లి ముక్కల్ని ఒక్కొక్కటే ఊడదీయాలి. 12 అంగుళాల చదరపు షీటులో చదరపు అంగుళానికొకటి పెడితే దక్కేవి 144 ముక్కలు. ఒక్క విసురుకు అయిపోతాయి. అంత ఓపికగా కోసిన మనిషికి వాటిని గాల్లోకి వదలడానికి చెయ్యి రాదు, రాకపోవడం న్యాయమే. పైగా గాల్లో ఆకారం కనిపించదు, కదలికే కనిపిస్తుంది. పొడవాటి కాగితం చీటీ తన చుట్టూ తాను తిరుగుతూ ఏటవాలుగా ఎందుకు దిగుతుందో భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1854లోనే ఒక వ్యాసంలో వివరించాడు. పెద్ద వేదికల మీద పేల్చే కన్ఫెట్టీ ఎక్కువగా దీర్ఘచతురస్రపు ముక్కలు కావడానికి ఆ కదలికే కారణం. అంచులు మెలికలు తిరిగిన ‘శ్రీ’ అక్షరం అదే గాల్లో పడితే ఒక రంగు మచ్చే.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. ఇంగ్లండ్ పెళ్లిళ్లలో గుర్రపు నాడాలు, గంటల ఆకారంలో కోసిన కన్ఫెట్టీ ఈ యంత్రాలకు ఎంతో ముందే పెట్టెల్లో అమ్మేవారు కదా అనవచ్చు. నిజమే. కానీ అది డై కటింగ్ పని. దొంతర కాగితం మీద అచ్చు ఒక్కసారి దిగితే బోలెడు ముక్కలు రాలతాయి. ఆ నాడా ఎవరి పెళ్లికైనా సరిపోతుంది. ఒక్క ఇంటికే, ఒక్క పేరుకే కోసిన ముక్క సంగతి వేరు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మన తలంబ్రాలది. పసుపు కలిపిన బియ్యం మిగులు వస్తువు కాదు, మంగళద్రవ్యం. విసిరేదానికి విలువ ఉండకూడదన్న మాట అక్కడ నిలవదు. నిలవదని నేనూ ఒప్పుకుంటాను. అయినా తలంబ్రాల్లో విలువ గింజగింజకూ విడిగా లేదు, దోసిలి నిండటంలో ఉంది. ఈమధ్య బియ్యంలో థర్మాకోల్ పూసలు, ముత్యాలు కలుపుతున్నా ఆ దోసిలి నిండుతనం పోలేదు. వధూవరుల పేర్లు ఎక్కడ రాయిస్తున్నారో గమనిస్తే విషయం ఇంకా తేటపడుతుంది: అడ్డుతెర మీద, కొబ్బరి బోండం మీద. నిలిచి ఉండేదాని మీద పేరు, కురిసేదానికి సంఖ్య.

కాబట్టి మెషిన్‌తో కోసిన ముక్కల్ని తక్కువ చేయాల్సిన పని లేదు. వాటి చోటు వేరు: విందు బల్ల మీది గుడ్డ, శుభలేఖ కవరు లోపల, పుట్టినరోజు కేకు చుట్టూ. పేరు చదవడానికి, ఒకటి ఏరి పుస్తకంలో దాచుకోవడానికి అక్కడ తీరిక దొరుకుతుంది. వధూవరుల మీద కురిపించాలనుకున్నప్పుడు మాత్రం పల్చటి టిష్యూ కాగితాన్ని దొంతరగా పెట్టి ప్రెస్సులోని కటింగ్ మిషన్ మీద చీటీలుగా కోయించడం మేలు. పేపర్ బ్లాస్టుల్లో వాడే మెరుపు రేకు ప్లాస్టిక్, అది నేలలో కలవదు. టిష్యూ వానకు నాని చివికిపోతుంది, పైగా కిలోల లెక్కన వస్తుంది.