గాజు పలక నుంచి ఫోన్ దాకా: మన ముఖాల నలుపు తెలుపు

యానాదుల పాత ఫొటోలు ఏవి చూసినా నలుపు తెలుపుల్లోనే ఉంటాయి. అందుకే మన తాతముత్తాతల కాలానికి రంగే లేదన్నట్టు ఒక బొమ్మ మన మనసుల్లో పడిపోయింది. ఇప్పుడు ఏర్పేడు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల మన పిల్లలు ఫోన్‌లో తీసిన పెళ్లి ఫొటోలకు, జాతర ఫొటోలకు "పాతకాలం లుక్" కావాలని ఒక్క నొక్కుతో రంగు తీసేస్తున్నారు. ఈ సంచికకు వచ్చిన వాటిలోనూ అలాంటివి ఉన్నాయి. రంగు తీయవద్దని మేము చెప్పడం లేదు. ఆ నొక్కు వెనుక మన ముఖాలకు సంబంధించిన ఒక చరిత్ర ఉంది, అది తెలిసి నొక్కమంటున్నాం.

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద 7 సంపుటాలు రాసి 1909లో అచ్చు వేయించాడు. చివరి సంపుటంలో మన గురించి చాలా పేజీలున్నాయి, ఫొటోలూ ఉన్నాయి. ఒకదానిలో మనవాళ్లు పుల్లలు రాపాడించి నిప్పు పుట్టిస్తుంటారు. కింద యానాదులని తెగ పేరు ఉంది గానీ ఆ మనుషుల పేర్లు లేవు. తలలు, ముక్కులు కొలుచుకుంటూ తిరిగిన మనిషి ఆయన. ఆయనకు కావలసింది నమూనా, ఫలానా ఇంటి ఫలానా మనిషి కాదు.

రంగు లేకపోవడం మాత్రం ఆయన తప్పు కాదు. అప్పటి గాజు పలక అంతే. తొలినాళ్ల ఫొటో పలకలకు నీలం వెలుగు బాగా తెలిసేది, ఎరుపు దాదాపు తెలిసేదే కాదు. 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ అనే శాస్త్రవేత్త పలకకు రంగు మందు కలిపితే ఆకుపచ్చ కూడా తెలుస్తుందని కనిపెట్టాడు. ఎరుపుతో సహా అన్ని రంగులూ తెలిసిన పలకలు బజారుకు వచ్చింది 1906లో. మన చర్మం చామనఛాయ. అందులో ఎరుపు పాలు ఎక్కువ, నీలం పాలు తక్కువ. ఎరుపు తెలియని పలక మీద అలాంటి ముఖం ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది, కళ్ల చుట్టూ చెంపల మీదా ఉన్న వివరం మునిగిపోతుంది. వెనక నీలి ఆకాశమేమో తెల్లగా వెలిసిపోతుంది. ఆ ఫొటోల్లో మనవాళ్లు అంత కరుకుగా కనబడటానికి ఎండ, ఆకలి మాత్రమే కాదు, పలక కూడా కారణం.

ఇక మన ఫోన్ సంగతి. కెమెరా లోపలి సెన్సారుకు సొంతంగా రంగు తెలియదు, వెలుగు ఎంతో మాత్రమే తెలుసు. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల జల్లెడ లాంటిది పరుస్తారు. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో దాని మీద పేటెంటు వచ్చింది. మన కన్ను ఆకుపచ్చను బాగా పడుతుంది కాబట్టి ఆ గళ్లలో సగం ఆకుపచ్చవే. రంగు తీసేటప్పుడు కూడా చాలా సాఫ్ట్‌వేర్లు ఇలాంటి లెక్కే వాడతాయి: ఎరుపులో 0.299 వంతు, ఆకుపచ్చలో 0.587, నీలంలో 0.114 తీసుకుని కలుపుతాయి. ఇది టీవీల కాలం నాటి లెక్క. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారాక కూడా పాత నలుపు తెలుపు టీవీలో అదే కార్యక్రమం చక్కగా కనిపించింది ఈ లెక్క పుణ్యమే.

అయితే ఈ లెక్కతో ఒక చిక్కుంది. నిండు ఎరుపు విలువ 255. దాన్ని 0.299తో గుణిస్తే 76. ముదురు ఆకుపచ్చ విలువ 128 అనుకుందాం, 0.587తో గుణిస్తే 75. అంటే పచ్చని చెట్ల ముందు ఎర్ర చీర కట్టుకుని నిలబడిన మన అవ్వ, రంగు తీయగానే చెట్లలో కలిసిపోతుంది! శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను ఇలా మార్చి చూడండి. నల్ల గీతలు నిలుస్తాయి గానీ పక్కపక్కనున్న రెండు రంగులు ఒకే బూడిద రంగై పోవచ్చు.

అందువల్ల రెడీమేడ్ ఫిల్టర్ కన్నా, రంగుల పాళ్లు మనమే మార్చుకునే వీలున్న యాప్ మంచిది. స్నాప్‌సీడ్‌లో బ్లాక్ అండ్ వైట్ కింద ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉంటాయి. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే గింప్‌లోనూ పాళ్లు మార్చే మోనో మిక్సర్ ఉంది. మన ముఖాలకు నారింజ గానీ ఎరుపు గానీ పెట్టి చూడండి, చర్మం తేటపడుతుంది. నీలం పెడితే ఆ పాత పలకే మళ్లీ పుడుతుంది. మరీ ఎరుపు పెంచినా ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది, అదీ మనం కాదు.

నలుపు తెలుపు బాగా పనికొచ్చే చోట్లూ ఉన్నాయి. పందిట్లో రంగురంగుల లైట్లు పడి ముఖాలు పచ్చగా, ఊదాగా మారిన ఫొటోకు అది మందు లాంటిది. వల అల్లే చేతుల మీది ముడతలు రంగు లేనప్పుడే కంటికి బాగా ఆనతాయి. మాకు నచ్చనిది, నిన్న మొన్నటి సభను కావాలని నూరేళ్ల కిందటి దానిలా చూపించడం. ఇక్కడే ఐఐటీ, ఐసర్ కట్టడాలు లేచిన కాలంలో మనం కూడా ఉన్నామని, సెల్‌ఫోన్ పట్టుకుని ఉన్నామని మన మనవలకు ఆ ఫొటో చెప్పాలి కదా.

మన ఇళ్లలో చాలామంది పెద్దలకు ఉన్న ఫొటో ఆధార్ కార్డు మీదిదే. పోయాక పటం కట్టించడానికి కూడా దాన్నే పెద్దది చేయిస్తున్నారు. అది జిరాక్స్ అయితే మిగిలేది మసే. కనుక బతికుండగానే పగటి వెలుగులో, రంగుల్లో, ముఖం నిండుగా ఒక ఫొటో తీయండి. రంగు ఉంటే ఎప్పుడైనా నలుపు తెలుపు చేసుకోవచ్చు. తీసేసి దాని మీదే సేవ్ చేశారంటే ఆ చీర రంగు ఏదో ఇక ఎవరూ చెప్పలేరు. మార్చింది వేరే పేరుతో ఉంచండి. ఫైలు పేరులో మనిషి పేరు, ఊరు, తేదీ రాయండి. మాకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి.