శీతలీకరణ, ఎయిర్ కండిషనింగ్ శిక్షణ

ఫ్రిజ్‌లు, ఏసీలు, కోల్డ్ స్టోరేజీల యంత్రాలను బిగించి బాగుచేసే నిపుణులను తయారుచేసే వృత్తి శిక్షణ. భారతదేశంలో ఇది ప్రధానంగా ఐటీఐల్లో 2 ఏళ్ల కోర్సు; పదో తరగతి పాసైనవారు చేరవచ్చు. డిజైన్ పనికి మాత్రం మెకానికల్ ఇంజినీరింగ్ చదువు కావాలి.

అసలు కష్టమంతా చేతిపనిలోనే ఉంది. రాగి గొట్టాన్ని కోశాక అంచున రజను మిగలకూడదు. గొట్టాలను బ్రేజింగ్‌తో (వేడి లోహంతో) అతికేటప్పుడు వాటిలోకి సన్నగా నైట్రోజన్ వదలకపోతే లోపల నల్లటి ఆక్సైడ్ పొర కడుతుంది; అది ఊడివచ్చి కేపిలరీ అనే సన్నని గొట్టంలో ఇరుక్కుంటుంది. తరువాత నైట్రోజన్ ఒత్తిడితో లీకులు చూడాలి. వాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేయాలి. ఆ తరువాతే చల్లబరిచే గ్యాస్‌ను, అంటే రిఫ్రిజెరెంట్‌ను, తూచి నింపాలి. వాక్యూమ్ మానేసి, గ్యాస్‌తోనే గాలిని బయటికి తోసే అలవాటు కొందరిలో ఉంది. అది యంత్రానికీ వాతావరణానికీ చేటు. శిక్షణ మొదట మాన్పించాల్సింది దాన్నే.

ఇళ్ల ఏసీల్లో వాడే ఆర్-32 అనే రిఫ్రిజెరెంట్ స్వల్పంగా మండుతుంది. ఆర్-290 అంటే ప్రొపేన్, సులభంగా అంటుకుంటుంది. అందుకే గాలి ఆడే చోట పని, నిప్పురవ్వ లేని పనిముట్లు పాఠంలో తప్పనిసరి కావాలి. 2019లో విడుదలైన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2022-23 నాటికి ఈ రంగంలోని లక్షమంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, ధ్రువీకరణ లక్ష్యంగా పెట్టుకుంది.