గొడగూచి పాలకుంచం నుంచి పింగళుడి వల దాకా

బీదర్ జిల్లా ధన్నూరలో జొన్న చేలకూ తెలుగు పిల్లల కథలకూ ఏం చుట్టరికమని అడిగితే, నేను పాల్కురికి సోమనాథుడి పేరు చెబుతాను. పదమూడో శతాబ్దంలో ఆయన ద్విపదలో రాసిన బసవపురాణం చాలావరకు కల్యాణంలోనే నడుస్తుంది. అది ఇదే జిల్లాలోని బసవకల్యాణం. ఆ పురాణంలో బసవన్న జొన్నల్ని ముత్యాలు చేస్తాడు. అద్భుత శక్తి దక్కిన పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యే కథ మన భాషలో ఎక్కడ పుట్టిందని వెతికితే, నా చూపు ముందుగా ఆగేది ఈ నేలమీదే.

ఒడుగు ఈడు పిల్లవాడు బసవన్న తండ్రికి ఎదురు నిలిచి, జంధ్యం వద్దని, అక్క నాగాంబతో కలిసి గడప దాటడం ఆ పురాణంలో ఒక ఘట్టం. అంతకన్నా నన్ను కదిలించేది గొడగూచి. ఊరికి పోతూ తండ్రి రోజూ శివుడికి పాలు పెట్టమని ఆ పసిదానికి అప్పజెప్తాడు. ఆమె పాలకుంచం తీసుకెళ్లి దేవుడి ముందు పెడుతుంది. దేవుడు తాగడు. నైవేద్యమంటే ముందు పెట్టి వెనక్కి తెచ్చుకోవడమని ఆ పిల్లకి తెలియదు. బతిమాలుతుంది, ఏడుస్తుంది, ప్రాణం తీసుకుంటానంటుంది. శివుడు దిగొచ్చి తాగుతాడు. తిరిగొచ్చిన తండ్రి నమ్మడు. పెద్దల కోపం నుంచి పారిపోయిన ఆ పిల్ల లింగంలోనే కలిసిపోతుంది. ఆమె దగ్గర మంత్రం లేదు, గురువు లేడు. విన్న మాటను ఉన్నదున్నట్టు నమ్మే గుణమే ఆమె శక్తి. కానీ గొడగూచి పెద్దది కాలేకపోయింది. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ తర్వాత మన కథల్లో శక్తి పిల్లల లోపల కాక వాళ్ల చేతిలోనో మెడలోనో ఉండసాగింది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయంలో పాలుతాగే పాప మధురలాలస, మణి గుండెకు తగిలితే పూర్వజన్మ కథ చెబుతుంది. మణి పక్కకు జరిగితే మామూలు పసిపాప. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన కాశీమజిలీ కథల్లోనూ అంతే. కథలు చెప్పే మణిసిద్ధుడికి తెలిసేదంతా మణి వల్లనే. పశువులు కాసే కుర్రవాడు ఆయన వెంట కాశీకి నడుస్తూ, మజిలీ మజిలీకీ చూసిన వింత గురించి అడిగి కథ చెప్పించుకుంటాడు. ప్రశ్న అడగడమే ఆ పిల్లవాడి చదువు. మన దగ్గర పాఠశాల లేని మాంత్రికవిద్య ఇలా దారి పొడవునా సాగింది.

బుర్రకథల్లో మారుమోగిన బాలనాగమ్మ కథలో కొడుకు బాలవర్ధిరాజుకు ఏ మహిమా లేదు. తల్లిని చెరపట్టిన మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసుకుని, వెళ్లి తెస్తాడు. 1942లో జెమినీ వారు దీన్ని సినిమాగా తీశారు. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాలోనూ తోటరాముడికి వచ్చిన శక్తి మాంత్రికుడి ప్రయత్నం పుణ్యమే.

పిల్లల కోసమే పత్రికలంటూ నిలబడింది ఈ కాలంలోనే: 1945లో న్యాయపతి రాఘవరావు గారి ‘బాల’, 1947 జులైలో ‘చందమామ’. చందమామలో 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రెండు దశాబ్దాలకు పైగా సీరియల్స్ రాశారు. పిల్లల నవల అనదగ్గది తెలుగుకు ఆయనే ఇచ్చాడని నా గట్టి నమ్మకం. ‘ముగ్గురు మాంత్రికులు’లో జాలరి పింగళుణ్ణి చూడండి. గట్టున వల పట్టుకుని నిలబడ్డ వాడి దగ్గరికి వచ్చి, చేతులు కట్టి సరస్సులోకి తోసెయ్యమని అడుగుతాడు పద్మపాదుడు. అంతటి మాంత్రికుడికీ నీళ్లలోంచి బయటపడ్డానికి జాలరి వలే దిక్కు. వెయ్యిన్నొక్క రాత్రుల్లోని జూదర్ కథ ఛాయలు ఇందులో ఉన్నా, ఇంట్లో అన్నల చేత దెబ్బలు తింటూ, అమ్మ ఆకలి తీర్చాలని తపించే పింగళుడు మనవాడే. మహామాయుడనే మాంత్రికుడి సమాధిలోకి దిగేదీ అతడే. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరులైతే మాంత్రికుల మధ్య ధైర్యంతోనే నెగ్గుకొస్తారు. వీటికి చిత్రా గారి బొమ్మలు ప్రాణం పోశాయి.

1956లో రాష్ట్రాల పునర్విభజనతో బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసింది. జహీరాబాద్, నారాయణఖేడ్ తెలుగు వైపు వచ్చాయి. కథలకు మాత్రం ఆ గీత అడ్డు కాలేదు. అవే సీరియల్స్, అవే బొమ్మలు కన్నడ చందమామలోనూ, మరాఠీ చాందోబాలోనూ వచ్చేవి. మూడు భాషలు కలిసే చోట పిల్లలకు అంతకన్నా ఏం కావాలి?

అయితే ఒక పని మాత్రం మిగిలిపోయింది. 1968లో అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ తన ఎర్త్‌సీ నవలలో మేకలు కాసే కుర్రవాడికి పుట్టుకతోనే శక్తినిచ్చింది. వాడు గర్వంతో ఒక నీడను లోకం మీదికి వదిలి, చివరికి తనే దాన్ని వెతుక్కుంటూ వెళ్లాల్సివస్తుంది. 1997లో వచ్చిన హ్యారీ పాటర్ తెలుగులోకీ వచ్చింది. మన పింగళుడు బయటి భూతాలతో పోరాడాడు గానీ, తన శక్తికి తానే భయపడే రాత్రి అతడికి రాయలేదు. ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. గొడగూచి తర్వాత ఏడు వందల ఏళ్లు దాటినా మన అద్భుత కథల్లో అమ్మాయి ఎక్కువగా చెరలో ఉన్న రాకుమారే. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. పిల్లల నవల రాయదలచినవాళ్లు ఇవాళ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను ధన్నూర పేరే చెబుతాను: బడిలో కన్నడం, సంతలో మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పన్నెండేళ్ల పిల్ల, తన చేయి తగిలితే జొన్నగింజ ముత్యమవుతుందని తెలిసిన రోజు ఏం చేస్తుంది? ఆ ఏడు ఇంట్లో తిండికి జొన్నలే కావాలి మరి.