ఆంధ్రశబ్దచింతామణి కర్తృత్వం: తేలని చోట ఎంతవరకు చెప్పవచ్చు?

రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానకవి నన్నయ భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడన్నది వివాదం లేని విషయం. ఆ పనిలో తోడ్పడిన సహాధ్యాయి నారాయణభట్టుకు రాజు అగ్రహారమిచ్చినట్లు క్రీ.శ. 1053 నాటి నందంపూడి శాసనం చెబుతోంది. ఆ శాసనకర్త నన్నయే. రాజు, కవి, మిత్రుడు ముగ్గురూ ఒకే రాగిరేకుల మీద కనిపించే సమకాలిక సాక్ష్యమది. అదే నన్నయ తెలుగుకు వ్యాకరణంగా, సంస్కృతంలో, ఆంధ్రశబ్దచింతామణిని కూడా రచించాడన్న మాటకు ఇంతటి ఆధారం లేదు.

ఆ మాట గట్టిగా వినబడేది 17వ శతాబ్దిలో. ఎలకూచి బాలసరస్వతి ఆ గ్రంథానికి టీక రాశాడు. 1656 ప్రాంతంలో కాకునూరి అప్పకవి దాని కథ చెప్పాడు: భీమకవి పగబట్టి గ్రంథాన్ని గోదావరిలో కలిపేశాడట, అంతకుముందే దాన్ని కంఠస్థం చేసిన రాజరాజు కొడుకు సారంగధరుడు సిద్ధుడై, ఎన్నో తరాల తర్వాత మతంగ పర్వతం దగ్గర బాలసరస్వతికి అందించాడట. నన్నయకూ ఈ కథకూ నడుమ 600 ఏళ్లు. ఆ ఎడాన్ని పూడ్చడానికే సిద్ధుణ్ణి తెచ్చారని నా అభిప్రాయం. అయితే కథ కల్పితమైనంత మాత్రాన గ్రంథం నన్నయది కాదని రుజువైపోదు. ఈ రెంటినీ కలిపేసి తీర్పు చెప్పడం తొందరపాటు.

వ్యతిరేక సాక్ష్యాల్లో నాకు బరువైనదిగా తోచేది మూలఘటిక కేతన మాట. 13వ శతాబ్దిలో ఆంధ్రభాషాభూషణం రాస్తూ, తెలుగుకు లక్షణం తనకు ముందు ఎవరూ చెప్పలేదన్నాడాయన. ఎక్కడో మారుమూల ఉన్నవాడైతే ఆ మాటను పక్కన పెట్టవచ్చు. కానీ కేతన తన దశకుమారచరిత్రను అంకితమిచ్చింది తిక్కనకు. నన్నయ వదిలిన భారతాన్ని అందుకున్న కవికి అంత దగ్గరివాడు నన్నయ వ్యాకరణం పేరైనా వినలేదంటే, ఆ వలయంలో అది ప్రచారంలో లేదని మాత్రం చెప్పవచ్చు. అసలు పుట్టనే లేదని చెప్పడానికి ఇది చాలదు. తాటాకుల కాలంలో ఒక గ్రంథం ఒకటి రెండు ఇళ్లలోనే ఉండిపోవడం వింత కాదు.

అనుకూల వాదులు భారత అవతారికలోని ‘విపులశబ్దశాసనుడు’ అన్న విశేషణాన్ని చూపుతారు. వ్యాకరణం రాసినవాడికే కాదు, దానిలో పండితుడైనవాడికీ ఆ విశేషణం చెల్లుతుంది. చింతామణి సూత్రాలను భారత ప్రయోగాలతో సరిపోల్చే పద్ధతి ఇంకా ఆకర్షణీయం, ఇంకా ప్రమాదకరం. రెండూ కలిస్తే, తర్వాతివాడెవడో భారతం చూసే సూత్రాలు కట్టి ఉండవచ్చు. కలవకపోతే, లేఖకులు భారత పాఠాన్ని మార్చి ఉండవచ్చు. ఏ ఫలితం వచ్చినా రెండు పక్షాలకూ సమాధానం దొరికే పరీక్ష ఈ తగవును తేల్చలేదు.

కాబట్టి నేను చెప్పగలిగేది ఇంతే: చింతామణి 17వ శతాబ్దికి నన్నయ పేర పండితుల చేతుల్లో ఉంది, అంతకుముందు దాని జాడ స్థిరపడలేదు, నన్నయ కర్తృత్వం అసంభవం కాదు గాని, సంభావ్యత తక్కువ. చిన్నయసూరి బాలవ్యాకరణం దీన్నుంచి ఎంతో తీసుకుంది గనక, కర్త ఎవరైనా గ్రంథం విలువ తగ్గదు. పాఠ్యపుస్తకాల్లో ‘నన్నయ రచించిన’ అన్నచోట ‘నన్నయ పేర ప్రసిద్ధమైన’ అని దిద్దాలి. కాలం తెలిసిన ఏ పాత లక్షణగ్రంథంలోనైనా చింతామణి సూత్రం ఒక్కటి నన్నయ పేరుతో దొరికితే, ఆ వాక్యాన్ని మళ్లీ దిద్దుకోవలసిందే.