విరిగిన వ్రేలు – కట్టిన చేతులు

రేడియో మీట త్రిప్పుటకు రెండు వ్రేళ్లు చాలును. అన్నము కలుపుటకు అయిదును కావలయును. ఈ రెండు పనుల నడుమనే మనిషి దినచర్య యంతయు సాగుచున్నది. ఒక చేతిలో 27 ఎముకలు గలవు. అందు 14 వ్రేళ్లవే: బొటనవ్రేలికి రెండు, తక్కిన నాలుగింటికి మూడేసి. వీనిలో ఒకటి విరిగిన దినమున గాని వాని విలువ మనకు తెలియదు. మాకును అటులనే తెలిసినది.

మా నివాసము బడంగ్‌పేటలో. నిన్న మొన్నటివరకు గ్రామపంచాయతీగా నుండి, చూచుచుండగనే నగరములో కలిసిపోయిన ఊరది. ఒకనాటి యుదయమున ఆఫీసునకు బయలుదేరు తొందరలో ఇంటి ఇనుప గేటు సందున మా కుడిచేయి ఇరుకుకొనెను. ఉంగరపు వ్రేలు క్షణములో ఉబ్బి నల్లబారెను. అరుగుమీద కూర్చున్న పొరుగింటి ముసలమ్మ లేచివచ్చి చూచెను.

“బొక్క ఇరిగినట్టున్నది బిడ్డా! దవాఖానకు పోతే పిండికట్టు ఏస్తరు, నెల దినాలు చెయ్యి లేవది. పుత్తూరు కట్టు కట్టించుకో, మంచిగైతది.”

“అట్లనే పెద్దమ్మా, ముందుగాల ఫోటో తీపిస్త” నంటిమి.

“ఫోటో తీస్తె బొక్క అతుకుతదా?” అని ఆమె యడిగెను.

నవ్వుకొంటిమే గాని ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. నిజమే, ఎముకను అతికించునది ఏది? ఫోటోయా, పిండియా, ఆకుపసరా, కట్టు కట్టిన చేయియా? కుడిచేయి మెడకు వ్రేలాడుచుండగా ఎడమచేత వైద్యచరిత్ర పుటలు త్రిప్పితిమి. అందు దొరికిన సంగతులే ఈ ప్రసంగము.

ముందుగా పుత్తూరు మాట. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు త్రోవలలో ‘పుత్తూరు కట్టు’ అను పలకలు చూడనివారుండరు. ఆ పేరు రేణిగుంట–అరక్కోణము రైలుమార్గములోని పుత్తూరుది. అది ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, 1911 నుండి చిత్తూరు జిల్లాలో నుండెను. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో ఇప్పుడున్నది. కట్టు పుట్టినది పట్టణమున గాదు; చేరువనున్న ఈశ్వరాపురమను పల్లెలో. రాచపాలెమనియు దానిని పిలుతురు. కేశవరాజు అను నాయన 1881లో ఈ వైద్యమును ఆరంభించెననియు, ఆయన వంశమువారే తరతరములుగా దానిని నడుపుచున్నారనియు అచ్చటి వాడుక. వేటలో కాలు విరిగిన జంతువును ఆకులలో చుట్టి తెచ్చి చూడగా ఎముక కూడుకొని యుండెననియు, ఆ ఆకును వెదకి పట్టుటతో విద్య చేజిక్కెననియు ఒక కథ చెప్పుదురు. కథను కథగానే విందము. చేతితో తడిమి ఎముకను సరిచేసి, ఆకుపసరు పూసి, కోడిగుడ్డు తెల్లసొనతో తడిపిన గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పెట్టి బిగించుట మాత్రము కంటికి కనబడు పని. ఆకుల పేర్లు ఇల్లు దాటనీయరని ప్రసిద్ధి. రైలు దిగి వచ్చువారు పేరును దూరదేశములకు మోసికొనిపోగా, ఊరి పేరే వైద్యమునకు పేరైనది.

ఈ పద్ధతి మూలము ఎంత ప్రాచీనమో తెలియవలెనన్న సుశ్రుతసంహిత తెరువవలెను. అందు విరుగుటలు 12 విధములనియు, కీలు తప్పుటలు 6 విధములనియు విభజింపబడినవి. చికిత్స నాలుగు మెట్లు: లాగుట, ఒత్తుట, చేర్చుట, కట్టుట. మోదుగ, మేడి, రావి, మద్ది మొదలగు చెట్ల పట్టలును, వెదురును బద్దలుగా చెప్పబడినవి. కట్టు చలికాలమున ఏడు దినములకు, సమకాలమున అయిదు దినములకు, వేసవిలో మూడు దినములకు మార్చవలెనట. వదులైనచో ఎముక నిలువదు. మిక్కిలి బిగువైనచో వాపు, నొప్పి కలుగునని హెచ్చరిక కూడ గలదు. వయసులోనివారికి ఒక నెల, నడివయసువారికి రెండు నెలలు, ముదుసలికి మూడు నెలలు పట్టునను లెక్క నేటి వైద్యుడు విన్నను తల యూపదగినదే.

మాకు మిక్కిలి నచ్చినది మరియొకటి. వ్రేలు విరిగినను, కీలు తప్పినను దానిని సమముగా నిలిపి, సన్నని గుడ్డపట్టీ చుట్టి, నేతితో తడుపవలెనని ఆ గ్రంథమున వేరుగా చెప్పబడినది. అరచేయి విరిగినవాడు కోలుకొనునప్పుడు మొదట మట్టిముద్దను, పిదప ఉప్పుగడ్డను, చేతికి బలము వచ్చిన తరువాత రాతిని పట్టవలెననియు గలదు. కట్టు విప్పిన దినమున వైద్యము ముగియదని ఆ నాటివారికి తెలియును. ఈ మట్టిముద్ద సంగతి మరల వచ్చును; పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ఇక మన హైదరాబాదు. పాతనగరమున కుస్తీ నేర్పు పహిల్వానులు కీళ్లు సవరించి పట్టీలు వేయుట చిరకాలమునుండి యున్నది. గోదాలో దినదినము జారు భుజములను చూచిన చేతులకు ఆ తెలివి అలవడుట వింత కాదు. ఈ విద్య ప్రక్కనే పాశ్చాత్యవైద్యమును ప్రవేశించెను. 1846లో హైదరాబాదు వైద్యపాఠశాల వెలసెను. 1866లో అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఏర్పడెను. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద దానిని కబళింపగా, ఆ నదీతీరముననే తరువాత ఉస్మానియా ఆసుపత్రి లేచెను. ఎముక సరిచేయుటలో పెద్ద శత్రువు నొప్పి. నొప్పికి కండరములు బిగిసి ఎముకను ప్రక్కకు లాగును. ఆ నొప్పి నణచు క్లోరోఫారమును గురించి 1888లోను, 1889లోను రెండు పరిశోధక సంఘములు పనిచేసినది మన నగరమందే. ఎడ్వర్డు లారీ అను వైద్యుడు వానికి ప్రధానుడు. ఖర్చు నిజాము ప్రభుత్వము భరించెను. క్లోరోఫారము గుండెకు నేరుగా హాని చేయదను లారీ నిర్ణయము సరికాదని పిమ్మట తేలినది. అయినను లోకపు వైద్యుల చూపు ఒకప్పుడు హైదరాబాదుపై నిలిచెననుట మరువరాదు. 1960ల దశకమున పంజాగుట్టలో నిజాము ధర్మనిధి చలువవలన ఎముకలకే ప్రత్యేకముగా ఒక ఆసుపత్రి వెలసెను. నేడు నిమ్స్ అని మనము పిలుచు సంస్థకు అదియే మొదలు.

ఐరోపాలో నడచిన కథయు మన కథకు దూరము గాదు. నెపోలియను సేనలోని శస్త్రవైద్యుడు లారే గాయపడినవారి కట్లను గట్టిపరచుటకు కోడిగుడ్డు తెల్లసొనయే వాడెను. ఈశ్వరాపురమువారు ఆయన పేరు విని యుండరు; ఆయన ఈశ్వరాపురము నెరుగడు. ఆరిన తెల్లసొన గుడ్డను బిరుసుగా చేయునని ఇరువురికిని వంటయింటి వస్తువే నేర్పినది. 1851లో మాథైసెను అను డచ్చి సైనికవైద్యుడు గుడ్డపట్టీలకు జిప్సము పొడి రుద్ది, తడిపి చుట్టుట కనిపెట్టెను. మన పెద్దమ్మ భయపడిన పిండికట్టు అదియే.

పిండికట్టుతో కొత్త ప్రమాదమును వచ్చెను. బిగువైన కట్టు క్రింద రక్తము నడువక కండరములు చచ్చి, చేయి గోరుచుట్టిన పక్షిపాదమువలె ముడుచుకొనిపోవుటను జర్మను వైద్యుడు ఫోల్కుమన్ను వివరించెను. అది 1881. ఈశ్వరాపురమున కట్టు మొదలైనదని చెప్పు సంవత్సరమే! ఒక దేశమున కట్టు పుట్టిన యేడు, మరియొక దేశమున కట్టువలని కీడు వ్రాయబడినది. సుశ్రుతుని హెచ్చరికయు దానిని గురించియే గదా!

1895లో రాంట్‌గెను ఎక్స్‌కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరు 22వ తేదీన ఆయన తీసిన ఛాయాచిత్రము తన భార్య చేతిది. వ్రేళ్ల ఎముకలును, ఉంగరపు వ్రేలికి ఉంగరమును అందు కనబడెను. మనిషి తన చేతి ఎముకలను ఇట్లు బ్రతికియుండగా చూచుట ఆ దినములలోనే మొదలైనది. తడిమి తెలిసికొనుటకు చూచి తెలిసికొనుట తోడైనది.

అయితే తడిమెడు చేతికి విలువ పోయినదా? ఇంగ్లండులో హ్యూ ఓవెన్ థామసు చరిత్ర చూడుడు. ఆయన వేల్సు దేశపు కట్టువైద్యుల వంశమున బుట్టినవాడు. తండ్రి ఈవాన్ లివర్‌పూలులో పట్టము లేకయే ఎముకలు కట్టి పేరుపొందెను. ఆ తండ్రి తన కుమారులను వైద్యకళాశాలకు పంపెను. హ్యూ 1857లో పట్టము పొంది, తాతల చేతిపనిని, కళాశాల శాస్త్రమును కలిపెను. ఆయన కల్పించిన బద్దను మొదటి ప్రపంచయుద్ధమున ఆయన మేనల్లుడు రాబర్టు జోన్సు ప్రచారము చేసెను. తొడయెముక విరిగిన సైనికులలో నూటికి 80 మందివరకు చనిపోవుచుండగా, ఆ బద్దవలన ఆ సంఖ్య 20 లోపునకు దిగినదని యుద్ధవైద్యుల లెక్క. ఇంటివిద్యను దాచికొనక పాఠశాలకు పంపిన తండ్రి చలువ ఎందరి ప్రాణములు కాపాడెనో! మన ఆకుల రహస్యములకు ఇందొక పాఠము గలదని మా యభిప్రాయము.

ఇంతకును పెద్దమ్మ ప్రశ్నకు సమాధానమేమి? ఎముకను అతికించునది ఎముకయే. విరిగినచోట రక్తము గడ్డకట్టును. కొన్ని దినములకు అందు మెత్తని కణజాలము పెరిగి రెండు మొనలను కలుపును. క్రమముగా సున్నము చేరి అది గట్టిపడును. కొన్ని నెలలపాటు శరీరము దానిని చెక్కి పూర్వరూపమునకు తెచ్చును. వైద్యుడు చేయదగిన పనులు మూడే: తిన్నగా నిలుపుట, కదలకుండ పట్టుట, వేళకు కదలనిచ్చుట.

వ్రేలి విషయమున ఈ మూడును సూక్ష్మములు. దెబ్బ తగిలిన వెంటనే ఉంగరము తీయవలెను; వాపు వచ్చిన పిదప రాదు. చల్లని గుడ్డ వేసి, చేయి గుండెకంటె ఎత్తున నుంచవలెను. చర్మము చిట్లి ఎముక కనబడినను, వ్రేలు వంకరయైనను, స్పర్శ తప్పినను తడవు చేయక ఆసుపత్రికి పోవలెను. పిడికిలి మడిచినప్పుడు వ్రేళ్లకొనలన్నియు బొటనవ్రేలి మొదటివైపునకే చూడవలెను. ఒకటి ప్రక్కవ్రేలిమీది కెక్కినచో ఎముక మెలిక తిరిగినదని గుర్తు. దానిని ఏ కట్టును దాచలేదు. సామాన్యమైన బీటకు ప్రక్కవ్రేలితో జతగా పట్టీ వేసిన చాలును. నిలువని విరుగుడులకు సన్నని ఉక్కుతీగ గ్రుచ్చి నిలుపుదురు. 1909లో కిర్ష్నరు అను జర్మను వైద్యుడు తెచ్చిన పద్ధతి యది. ఏ కట్టయినను, ఎవరు కట్టినను, వ్రేలికొన నీలమై, తిమ్మిరెక్కి, నొప్పి హెచ్చుచున్నచో వెంటనే వదులు చేయింపవలెను.

మా వ్రేలికి ఎక్స్‌రే తీసి, ఏటవాలు బీటయని చెప్పి, నడిమివ్రేలితో జతగా పట్టీ వేసిరి. మూడు వారములకు విప్పి, ఆడింపుమనిరి. మేమాడింపలేదు. మరల విరుగునేమోయను పిరికితనముచే గుడ్డ చుట్టుకొని మరి మూడు వారములు దాచుకొంటిమి. ఎముక చక్కగా అతికినది, కీలు కొయ్యబారినది. సుశ్రుతుని మట్టిముద్ద అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. మట్టికి బదులు ఇంటిలో చపాతీలకు కలిపిన పిండి ముద్దను ఉదయము సాయంకాలము పిసికితిమి. చేయి చాలవరకు తిరిగివచ్చినది. కాని నేటికిని పిడికిలి పట్టినప్పుడు ఉంగరపు వ్రేలికొన అరచేతికి ఒక బియ్యపుగింజంత దూరముననే ఆగును. ఆ దూరము గేటు పెట్టినది గాదు, వైద్యుడు పెట్టినది గాదు. మా భయము పెట్టినది.

మొన్న ఒకనాడు పెద్దమ్మ చేయి పట్టి, వ్రేళ్లు ఒక్కొక్కటిగా మడిచి చూచెను. “బొక్క అతికింది గని, వేలు ఇంకా బుగులుపడ్తున్నది బిడ్డా” అనెను. ఏ ఫోటోలోను కనబడని సంగతి ఆమె వ్రేళ్లకు తెలిసినది. మీ ఇంట ఎవరికైన ఇట్టి యాపద వచ్చినచో చూచెడి కన్నును, తడిమెడి చేయిని రెండింటిని నమ్ముడు. కట్టు విప్పిన మరునాడే వంటయింటినుండి ఒక పిండిముద్ద తెచ్చి వారి చేతిలో నుంచుడు.